పిండి కుండలో వాసన సబ్బు

అయినా వాసన అనేది పిండికి ఎందుకు పట్టాలి, కాగితం చుట్టి, కాగితం మీద పాతగుడ్డ చుట్టి, గుడ్డ మీద దారం కట్టి కుండ అడుగున పెట్టిన సబ్బు దాని పాటికది పడి ఉండొచ్చు కదా, రాగిపిండికి మాత్రం ముక్కుందా మొహముందా, ఊరికే పడున్న వాసనను పిలిచి మరీ ఒంటికి పూసుకోవడానికి, అని సుంకమ్మ పొయ్యి ముందు గొంతుకూర్చుని అనుకుంది, అనుకుంటూ ఎసట్లోకి చూసింది, ఎసరు ఇంకా మరగలేదు, మరగకపోతేనే మంచిదని ఒక మనసు, ఎంతసేపని మరగకుండా ఉంటుందిలే అని ఇంకో మనసు, ఎసరు మరిగితే పిండి పోయాలి, పిండి పోస్తే సంగటి అవుతుంది, సంగటి తింటే మొగుడు చెన్నప్ప మేకను తోలుకుని ఉరవకొండ సంతకు బయలుదేరుతాడు, మేక అమ్ముడుపోతే చీర వస్తుంది, చీర వస్తే గూట్లో పసుపు ముద్దై కూర్చున్న సవతి రామక్క శాంతిస్తుంది, ఇదంతా దేనికి, తాను ముచ్చటపడి కొనుక్కున్న ఒక్క సబ్బుకు, సబ్బుకు మేక బలి అని ఎక్కడైనా ఉందా, నవ్వాలో ఏడవాలో తెలియలేదు, బయట వేపమొద్దుకు కట్టేసిన మేక అరిచింది, చూడి మేక, రెండో నెల, పాలు ఇంకా ఆరలేదు, విడపనకల్లులో తన అమ్మ కట్టుతాడుతో సహా చేతికిచ్చి పంపిన మేక, ఆ అరుపు వినగానే సుంకమ్మ పొయ్యిలో కట్టెను వెనక్కి లాగింది, మంట తగ్గింది, అత్త చూస్తే ఏమంటుందోనని భయమేసి మళ్ళీ ముందుకు తోసింది.

మొన్న పొద్దున మొదటి ముద్ద తిన్నది చెన్నప్పే, ఊరిబిండి పచ్చడిలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నవాడు పెట్టుకున్నట్టే ఆగిపోయి, ఏమే, దీంట్లో సాంబ్రాణి ఏమన్నా ఏసినావా, అన్నాడు, సంగట్లో సాంబ్రాణి ఎవరేస్తారప్పా అని తాను అననైతే అంది గానీ గుండె అప్పుడే జారి పొయ్యిలో పడింది, ఎందుకంటే కలుపుతున్నప్పుడే ఆవిరితో పాటు ఆ వాసన మొహానికి కొట్టింది, అత్త ఓబులమ్మ తన ముద్దను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, సాంబ్రాణి గాదురా నీ మొగం, మొగిలిరేకు వాసన, అంది, అంతలో నిప్పు కోసం వచ్చిన పక్కింటి తిమ్మక్క కూడా ఒక చిటికెడు నోట్లో వేసుకుని, మొగిలి యాడిదత్తా, మంచి గంధం ఇది, దేవళంలో సానమీద సాదిన గంధం, అని తేల్చింది, ముగ్గురికీ మూడు వాసనలు, పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి చౌడుమట్టితో గుడ్డలుతుక్కుని సీకాయతో తలరుద్దుకున్న ఇళ్ళలో వాసన సబ్బును ఎవరు పోల్చుకుంటారు, ఆ సబ్బు తయారు చేసినవాడు మాత్రం అది ఏ పువ్వో చెప్పగలడా, సుంకమ్మ మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు కుక్కినపేనై కూర్చుంది, పిండి విసిరేటప్పుడు తిరగలి కడిగినావా అని అత్త అడిగింది, కడిగినానంది, పిండి కుండ ఇటు తే అంది, తెచ్చింది, ఓబులమ్మ మూత తీసి కుండలో మొహం పెట్టింది, పెట్టిన మొహం చాలాసేపు తీయలేదు, అత్త చెయ్యి కూడా పెట్టి ఉంటే ఆ క్షణమే కథ తేలిపోయేది, తిట్లు పడేవి, ఒకటో రెండో దెబ్బలు పడేవి, తెల్లారేసరికి మరిచిపోయేవాళ్ళు, కానీ ఓబులమ్మ చెయ్యి పెట్టలేదు, తల పైకెత్తింది, కళ్ళనిండా నీళ్ళు, రామక్క వచ్చినాదిరా చెన్నా, మన రామక్క వచ్చినాది, అంది.

రామక్క అంటే చెన్నప్ప మొదటి పెళ్ళాం, సుంకమ్మ ఈ ఇంట్లో అడుగుపెట్టకముందే కాన్పులో పోయింది, బిడ్డా దక్కలేదు, పసుపు కుంకుమతో పోయిన ఆడది కనుక పేరంటాలైంది, పేరంటాలంటే ఆ ఇంటి వేలుపే, గూట్లో పసుపు ముద్దగా నిలిపి పండగకో పబ్బానికో ఆమె పేరున చీర పెట్టాలి, పెట్టకపోతే ఏదో ఒక గుర్తు చూపి అడుగుతుంది, కరువు వచ్చిన రెండేళ్ళుగా ఈ ఇంట్లో చీర మాటే లేదు, అందుకని అడగడానికి వచ్చింది, ఇందులో ఓబులమ్మకు సందేహం లేదు, తిమ్మక్కకూ లేదు, చెన్నప్ప కాస్త తల గోక్కున్నాడు గానీ తల్లి ఏడుస్తుంటే అతనికీ సందేహం తీరిపోయింది, ఆ పూటే కుండను గూటి కింద కడిగిన పీట మీద కూర్చోబెట్టి, పసుపు పూసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి, ముందర దీపం వెలిగించారు, పూజయ్యేదాకా ఆ పిండి ఎవరూ ముట్టకూడదన్నారు, మూడు రోజులుగా తిమ్మక్క దగ్గర తెచ్చిన చేబదులు పిండితో అరకడుపు సంగటి తింటున్నారు, ఇంట్లో కుండనిండా పిండి పెట్టుకుని పక్కింట్లో అడుక్కోవడం, అదొక వింత, అన్నిటికంటే వింత ఏమిటంటే, సుంకీ, నువ్వు గూడా మొక్కే, నీ సవతే గదా, అని అత్త మెడవంచి మొక్కించడం, చేతులు జోడించి కళ్ళు మూసుకుంటే లోపల సబ్బే కనిపించింది, పచ్చకాగితం మీద ఒక దొరసాని బొమ్మతో సహా, నేను దేనికి మొక్కుతాండా అని అప్పుడు మొదలైంది తికమక, ఇంకా తెగలేదు.

కొనాలని కొన్నదా, కాదు, ఆ మాట ఎవరి మీదైనా ఒట్టేసి చెప్పగలదు, కరువు పనిలో రోడ్డుకు కంకర కొట్టిన కూలి వారం తీరాక అత్త చేతిలో పోస్తే, అత్త అందులోంచి ఎవరి ముచ్చట వాళ్ళకు తీసిచ్చేది, కొడుక్కు బీడీలకు, తనకు నశ్యానికి, కోడలికి ఆకువక్కకు, అది ఖర్చు కాదు, అలవాటు, ఎంత కరువైనా అలవాటు తప్పరాదనేది ఓబులమ్మ ధర్మం, పాప పుట్టినప్పటినుంచి సుంకమ్మకు వక్క అంటే కడుపులో తిప్పి మానేసింది, మానేసిన సంగతి ఎవరికీ చెప్పలేదు, తిమ్మక్క పెట్టిన ఆకుతుంపు నమిలి నోరు మాత్రం ఎర్రగా ఉంచుకుంది, ఎందుకట్లా చేసిందో తనకే తెలియదు, దుడ్లు చెంగున ముడిపడుతుంటే ఒక రకమైన ధైర్యం ఉండేది, అంతే, సంతలో ఉప్పూ మిరపకాయలూ కొని వస్తుంటే రేకుపెట్టె తెరుచుకుని కూర్చున్న సాయిబు, అద్దాలు, దువ్వెనలు, రిబ్బన్లు, వాటి మధ్య ఆ పచ్చకాగితం, రామ్మా, వాసన చూసేదానికి దుడ్లు అడగనులే, అన్నాడు, చూసింది, చూసి ఇచ్చేసింది, నాలుగడుగులు వేసింది, నాలుగడుగులూ ఆ వాసన వెంటే వచ్చింది, తిరిగి చూస్తే సాయిబు నవ్వుతున్నాడు, ముడి ఎప్పుడు విప్పిందో ఎంత ఇచ్చిందో గుర్తులేదు, ఇంటికొచ్చే దారంతా దొంగతనం చేసినట్టే నడిచింది, అది తన ఆకువక్క దుడ్లే కదా, కాదు, ఆకువక్కకని ఇచ్చిన దుడ్లు ఆకువక్కకు పెట్టకపోతే అవి అత్తవవుతాయా, ఇంటివవుతాయా, పాపవవుతాయా, బీడీ అయితే పొగైపోతుంది, నశ్యం అయితే తుమ్మైపోతుంది, ఎవరూ లెక్క అడగరు, సబ్బు మాత్రం కనిపిస్తుంది, కనిపించేదే తప్పేమో.

పైగా నీళ్ళు లేని ఊళ్ళో సబ్బు కొన్న మొనగత్తె తానొక్కతే అయ్యుంటుంది, వంకలో చెలమ తోడి, ఊరిన నీళ్ళను చెంబుతో ఎత్తి కడవ నింపడానికి పొద్దు వాలుతుంది, ఆ నీళ్ళు తాగడానికా, సంగటికా, మేకకా, ఒళ్ళు కడుక్కోవడమంటే తడిగుడ్డతో తుడుచుకోవడమే, సబ్బు రుద్దితే ఆ నురగ వదలడానికి ఎన్ని చెంబులు కావాలి, అందుకే ఒక్కనాడూ రుద్దుకోలేదు, ఎవరూ లేనప్పుడు కుండలో చెయ్యి పెట్టి, గుడ్డ విప్పి, వాసన చూసి మళ్ళీ కట్టి పెట్టేది, అంతే సుఖం, కంకర కొట్టి కొట్టి చేతులు బొబ్బలెక్కి రాతిదుమ్ము వాసన వేస్తున్నప్పుడు ఆ చేతిని ఒకసారి సబ్బుకు ఆనించి పడుకుంటే నిద్ర బాగా పట్టేది, పిండి కుండలో పెట్టడం తెలివే అనుకుంది, సంగటి కలిపేది తానే, పిండి ముట్టేది తానే, ఇంకెవరి చెయ్యీ అందులోకి పోదు, ఆ తెలివే ఇప్పుడు మెడకు చుట్టుకుంది, చిన్నప్పుడు కూడా ఇట్లాగే ఒక తెలివి, బళ్ళారి దిక్కు ఒక పెద్దగౌడు ఇంట్లో అమ్మ పాచిపనికి పోయేది, స్నానాల గది తూములోంచి తెల్లగా నురగ వచ్చి కాలవలో పడేది, తాను కూర్చుని ఆ నురగను దోసిట్లోకెత్తి చేతులకు పూసుకునేది, ఎంత చల్లగా ఉండేదో, ఎంత తేలిగ్గా ఉండేదో, ఒకనాడు అమ్మ చూసి వీపు మీద ఒక్కటి చరిచి, వాళ్ళ మురికి నువ్వు పూసుకుంటావే, అని ఏడ్చింది, కొట్టింది అమ్మ, ఏడ్చిందీ అమ్మే, అప్పుడు అర్థం కాలేదు, ఇప్పుడైనా అర్థమైందా అంటే, అయిందో లేదో, నురగ మురికైతే మరి ఆ వాసన ఎవరిది.

ఎసరు చిన్నగా కాగుతోంది, తెడ్డు ముట్టుకోకుండా కూర్చున్న సుంకమ్మ చెయ్యి తెలియకుండానే మెడ దగ్గరికి పోయింది, పుస్తెల పక్కనే వేలాడే వెండిబిళ్ళ, రెండో పెళ్ళామై వచ్చిన ప్రతి ఆడదానికి పెళ్ళినాడే కట్టే సవతి బిళ్ళ, కొత్త చీరైనా కొత్త గాజులైనా ముందుగా ఆ బిళ్ళకు ఆనించి, అక్కా, ఇది నీది, నీ తరువాతే నాది, అనుకుని కట్టుకోవాలి, లేకపోతే సవతికి కోపమొస్తుంది, పాప పుట్టినప్పుడు దానిక్కూడా బిళ్ళ ఆనించింది, మరి సబ్బు, సబ్బును ఆనించలేదు, దొంగతనంగా కొన్న వస్తువును సవతికి చూపించడానికి సిగ్గేసి ఊరుకుందో, నిజంగా మరిచిపోయిందో, కాదు, మరిచిపోలేదు, ఇదొక్కటి నాదే కానీ అనుకుంది, ఆ మాట మనసులో అనుకున్నట్టు లీలగా గుర్తుంది, ఆ మాటే రామక్క విని ఉంటే, కాగితం గుడ్డా దారం దాటి వాసన పైకి రావడం మామూలు సంగతేనా, ఇన్నాళ్ళు రానిది మొన్ననే ఎందుకు వచ్చింది, నిజంగా ఆమే వచ్చి కుండలో చెయ్యి పెట్టి, నాకు చూపకుండా దాచుకుంటావే చెల్లే, అని గుడ్డ విప్పిందేమో, అత్త చెప్పిందే నిజమేమో, తాను అబద్ధమాడుతున్నాననుకోవడమే అబద్ధమేమో, అక్కా, నువ్వేనా, అని గూట్లో పసుపు ముద్దను అడిగింది, మూడు రోజుల దీపం మసితో దాని మొహం కాస్త నల్లబడింది, ఎప్పుడూ చూడని మనిషి, ఎట్లుండేదో, పొట్టిదో పొడుగుదో, ఆమెకు పెట్టిన పసుపులో సగం జీవితం గడిచిపోతోంది గానీ ఆమె మొహం తెలియదు.

మేక మళ్ళీ అరిచింది, దానికేం తెలుసు పాపం, తాను చీరైపోబోతోందని, మేక పోతే పాలు పోతాయి, పుట్టబోయే పిల్ల పోతుంది, పాపకు తన రొమ్ములో చుక్క రావడంలేదు, తింటేనే కదా వచ్చేది, మేకపాలలో నీళ్ళు కలిపి వేలు ముంచి చప్పరించిస్తే పాప నిద్రపోతుంది, ఈ రాత్రి వేలు దేంట్లో ముంచాలి, చెప్పేస్తే సరి, అత్తా, సబ్బు నాది, అని మూడు మాటలు, చెప్పేస్తే ఏమవుతుంది, దేవతను పట్టుకుని సబ్బు చేసినావే అని అత్త ఏడుస్తుంది, తిమ్మక్క ఊరంతా చెబుతుంది, కంకర కొట్టేదానికి వాసన సబ్బంట అని కరువు పనిలో మేస్త్రి కూడా నవ్వుతాడు, చెప్పకపోతే మేక పోతుంది, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం, ఇందులో ఇంకొక మెలిక ఉంది, అది తలచుకుంటే తన మీద తనకే అసహ్యం, పేరంటాలికి పెట్టిన చీరను పూజ అయ్యాక మళ్ళీ ఆ ఇంటి కోడలే కట్టుకోవాలి, వేరే ఎవరికీ ఇవ్వకూడదు, అంటే ఆ చీర తనకే వస్తుంది, పెళ్ళయినాక తనకు కొత్తచీర అనేది రాలేదు, నోరు మూసుకుని కూర్చుంటే సబ్బూ దక్కుతుంది చీరా దక్కుతుంది, నిన్నంతా ఆ చీర ఏ రంగులో ఉంటుందోనని ఆలోచించింది, అంచు ఎట్లుండాలో కూడా అనుకుంది, పాప పక్కలో ఏడుస్తుంటే చీర అంచు గురించి ఆలోచించిన తల్లి ఎట్లాంటి తల్లి, మనిషికి ఆకలేస్తే చాలదా, ఇవన్నీ ఎందుకు కావాలి, కడుపు నిండనివాళ్ళకు కడుపొక్కటే ఉండాలి గదా, ముక్కు కూడా ఎందుకు పెట్టినాడో దేవుడు.

ఓబులమ్మ పాపను చంకనేసుకుని మేక దగ్గరికి పోయింది, చివరిసారి పాలు పిండుకురావడానికి, ఇల్లు ఖాళీ అయింది, సుంకమ్మ కళ్ళు కుండ మీదికి పోయాయి, ఇప్పుడు తీసేస్తే, ఇప్పుడు తీసి కొంగులో చుట్టేసి చెలమ దగ్గర ఇసుకలో పూడ్చేస్తే, రేపు నైవేద్యానికి అత్త పిండి ఒంపినప్పుడు బయటపడేదేదీ ఉండదు, రామక్క రామక్కగానే ఉంటుంది, ఎవరికీ ఏ బాధా లేదు, మేకకు తప్ప, పాపకు తప్ప, లేచింది, పీట ముందు కూర్చుంది, మొక్కకుండా మూత తీయడానికి చెయ్యి రాలేదు, మొక్కింది, మొక్కి తీసింది, మోచేతి దాకా పిండిలో దూర్చింది, పిండి చల్లగా ఉంది, వేళ్ళకు గుడ్డమూట తగిలింది, తగలగానే ఎందుకో దుఃఖం పొంగింది, ఎంత చిన్నదది, అరచేతిలో పట్టేంత, దీని కోసమా ఇంత జరిగింది, బయటికి తీసి దులిపింది, దారం ముడి వదులుగా ఉంది, తాను సరిగ్గా కట్టలేదు, పోయినసారి వాసన చూసి హడావుడిగా కట్టింది, అంతే, రామక్క ఎవరి గుడ్డా విప్పలేదు, ఆ సంగతి తెలిశాక గుండె తేలికపడాలి, పడలేదు, ఆమె రాలేదని తెలిస్తే ఒంటరిగా ఉన్నట్టనిపించింది, ఇదేం మనసో.

గడప దగ్గర అలికిడైంది, సుంకమ్మ చేతిలోది కొంగు కిందికి లాక్కుని పొయ్యి దగ్గరికి జరిగింది, ఓబులమ్మ లోపలికి రాలేదు, గడప మీదే పాలచెంబు పక్కన పెట్టి కూలబడి పాపను ఒళ్ళో వేసుకుంది, బయట చెన్నప్ప మేక మెడకు పొడుగు తాడు కడుతున్నాడు, చెన్నా, పచ్చచీరే తేరా, నల్లంచు వద్దు, అంది ఓబులమ్మ, సరేమ్మా, అన్నాడు, దుడ్లు మిగిలితే వాసన నూనె ఒక బుడ్డి గూడా తీసుకరా, అంది, చెన్నప్ప తాడు ముడి ఆపి, వాసన నూనె యాలమ్మా, పేరంటాలికి చీర చాలు గదా, అన్నాడు, ఓబులమ్మ నశ్యం డబ్బీ తీసింది, మూత తీయకుండానే మళ్ళీ చెక్కుకుంది, నీకు తెల్దురా, అంది, ఒకే ఒక్క తూరి అడిగె రామక్క నన్ను, సంతలో నా కొంగు పట్టుకోని, అత్తా, వాసన నూనె ఒక బుడ్డి కొనియ్యవా అనె, చిన్నబిడ్డ అడిగినట్ల అడిగె, నేనేమంటి, మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనా అంటి, అంగడి కాడ నలుగురూ నగిరి, అది గూడా నగె, నగి ఆ కొంగు ఇడిసిపెట్టె, అంతేరా, మళ్ళా ఏదీ అడగలే, కడుపుతో ఉన్నప్పుడు ఏం తినల్లనుండాదే అని అడిగితే గూడా, ఏమొద్దు అత్తా అనె, అదిప్పుడొచ్చి అడుగుతాండాది, వాసన ఏసుకోనొచ్చి అడుగుతాండాది, ఇప్పుడన్నా ఇయ్యకుంటే యెట్లరా, అంటూ ఓబులమ్మ పాప తల మీద మొహం పెట్టి ఏడ్చింది, పెద్దగా కాదు, ఎవరినీ ఓదార్చమని అడగని ఏడుపు.

ఎసరు మరిగి పొంగి పొయ్యిలోకి కారింది, బూడిద చుర్రుమంది, సుంకమ్మ కదలలేదు, అది గూడా నగె, ఆ ఒక్కమాట దగ్గర మనసు ఆగిపోయింది, ఆ నవ్వు తనకు తెలుసు, చూడకపోయినా తెలుసు, నలుగురూ నవ్వుతున్నప్పుడు నేను కూడా మీలో ఒకదాన్నే అని నవ్వే నవ్వు, నవ్వుతూ చేతిలోది వదిలేసే నవ్వు, ఇన్నాళ్ళూ ముక్కూమొహం లేని రామక్కకు ఒక్కసారిగా మొహం వచ్చింది, ఆమె పేరంటాలు కాదు, దేవత కాదు, చీరలకు అలిగి ఇంటిమీదికొచ్చే మనిషి కాదు, కూలికి పోయి మోచేతుల దాకా దుమ్ము పట్టించుకొచ్చి, ఒక్క బుడ్డి వాసన నూనె కావాలనిపించిన ఆడది, అంతే, ఆమెకు కావలసినప్పుడు అది కొవ్వు, ఆమె పోయాక అదే మహిమ, కావాలనడం ఒకటే, అడిగే మనిషి ఒకటే, మధ్యలో మారిందల్లా ఆమె చచ్చిపోవడం, ఈ ఇంట్లో ఆడదాని ముచ్చట వినబడాలంటే ఆమె గూట్లో కూర్చోవాలి, తనకు రాబోయే చీర కూడా తనది కాదు, చచ్చినామె అడిగితేనే బతికినదాని ఒంటిమీదికి చీర వస్తుంది, అత్త చెడ్డది కాదు, ఇప్పుడు ఏడుస్తున్న ఏడుపు నాటకం కాదు, అప్పుడు లేక ఇవ్వలేదు, లేకపోవడం కంటే ఆ నవ్వే ఎక్కువ పని చేసింది, ఇప్పుడు తాను కూడా నోరుమూసుకుని ఇసుకలో పూడ్చేసి వస్తే, అది కూడా ఆ నవ్వే, ఇంకొక కొంగు వదిలేయడమే, రేపు తనకేదైనా కావలసివస్తే అది అడగడానికి తాను కూడా చావాల్సి ఉంటుంది, అప్పుడు ఎవరి పాపకు పాలిచ్చే మేకను అమ్ముతారో, ఇంత సులువైన సంగతికి మూడు రోజులుగా ఎందుకింత కొట్టుకులాడింది, సబ్బు కొనడం తప్పా కాదా అని అడుగుతూ కూర్చుంది, అడగవలసింది అది కాదు, కావాలనిపించడం బతికున్నవాళ్ళ పని, చచ్చినవాళ్ళకు ఏ వాసనా అక్కర్లేదు, మూడు రోజులుగా ఈ ఇంట్లో కావాలన్నది ఒక్కతే, అది తాను.

సుంకమ్మ లేచింది, మోచేతి దాకా పిండితోనే గడప దగ్గరికి వచ్చింది, ఆ తాడు ఇప్పప్పా, మేక యాడికీ పోదు, అంది, చెన్నప్ప తలెత్తి ఆ పిండి చెయ్యి చూసి, పూజ పిండి ముడితివా ఏమే నీకు పిచ్చిగాని పట్టిందా అన్నాడు, ఆమె కొంగు కిందనుంచి మూట తీసి అత్త ఒళ్ళో, పాప పక్కన పెట్టింది, దారం దానంతటదే జారింది, పచ్చకాగితం, కాగితం మీద దొరసాని, గడప నిండా ఆ వాసన, సాంబ్రాణీ కాదు, మొగిలీ కాదు, గంధమూ కాదు, ఓబులమ్మ దాన్ని ముట్టుకోలేదు, చూస్తూ కూర్చుంది, ఇదేమే, అంది, సబ్బు అత్తా, ఒళ్ళు రుద్దుకునే సబ్బు, నేనే కొని పిండిలో దాపెట్టుకొంటి, రామక్క రాలేదు అత్తా, ఆమె నిన్ను ఇప్పుడేమీ అడగలేదు, అంది సుంకమ్మ, అని తిట్టు కోసం కాచుకుంది, దెబ్బ కోసమూ కాచుకుంది, చెన్నప్ప చేతిలో తాడు వదులైంది, మేక ఒకడుగు వెనక్కి వేసింది, ఓబులమ్మ మాత్రం తిట్టలేదు, ముఖం ఎత్తి, నిజంగానే తనకు తెలియని సంగతి తెలుసుకోవాలన్నట్టు, యాలే, యాల కొంటివే దీన్ని, నీళ్ళు గూడా లేని కాలంలో, అని అడిగింది, ఆ ప్రశ్నకు మూడు రోజులుగా వెతికిన జవాబులన్నీ, ఆకువక్క దుడ్లనీ, సాయిబు పిలిచాడనీ, చిన్నప్పటి నురగనీ, ఒక్కటీ నోటికి రాలేదు, వాటి అవసరమే లేదు, నాకు కావాల్సొచ్చె అత్తా, అంది సుంకమ్మ, రామక్కకు కావాల్సొచ్చినట్లే నాకూ కావాల్సొచ్చె, ఆమె నిన్ను అడిగె, నేను అడగకుండా కొనుక్కొంటి, అంతే.